డబుల్‌కోటు గారి సీటు

కార్లకు రంగులు వేసే ఆ మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనపడేది కాదు. అందరూ అతన్ని డబుల్‌కోటు అనే పిలిచేవారు. ఎవరైనా గీతలు పడ్డ కారు తలుపు తెచ్చి "ఒక్క కోటు కొట్టి ఇచ్చెయ్, చాలు" అంటే అతనికి ప్రాణం ఒప్పేది కాదు. ఒక కోటు వేసి, ఆరనిచ్చి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తల అటోసారి ఇటోసారి వంచి చూసి, "ఉహూఁ, ఇంకోటి పడాల్సిందే" అనేవాడు. ఆ తలుపులో చూసుకుని మీసం దువ్వుకోగలిగితేనే అతని దృష్టిలో అది రంగు. లేకపోతే గోడకు కొట్టే సున్నం.

అతనికి రెండో పిచ్చి విమానాలు. చిన్నప్పుడు ఇంటి వెనక పొలాల మీద మందు చల్లడానికి బుల్లి విమానం ఒకటి వచ్చేది. దాని వెనక పరిగెత్తి పరిగెత్తి, ఆ మందంతా నెత్తిన పోసుకుని, ఒళ్ళంతా దద్దుర్లతో ఇంటికి చేరేవాడు. వాళ్ళమ్మ తోమి తోమి కడిగింది గానీ పిచ్చి మాత్రం వదల్లేదు. పెద్దయ్యాక కూడా ఆకాశంలో చప్పుడైతే చాలు, చేతిలో స్ప్రేగన్ను ఎక్కడిదక్కడ పడేసి వీధిలోకి ఉరికేవాడు. చప్పుడును బట్టే అది ఏ విమానమో చెప్పగలనని అతని నమ్మకం. చెప్పేవాడు కూడా. ఒకసారి "రెండింజన్లది, కిందకి దిగుతోంది!" అని కేకేసి బయటికొచ్చి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికాడు. పక్కవీధిలో బోరు వేస్తున్నారని తర్వాత తెలిసింది. ఇంత చేసీ, పుట్టి బుద్ధెరిగాక విమానం అన్నది ఒక్కసారి ఎక్కింది లేదు.

ఇలాంటి వాళ్ళకు ఇలాంటి వాళ్ళే దొరుకుతారు. బస్టాండు పక్కన పళ్ళు పీకే డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, విమానం నడపడం నేర్చుకుని, లైసెన్సు కూడా సంపాదించాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు ఒకాయన. ఇక మూడోవాడు డబుల్‌కోటుకు స్వయానా బావమరిది, మోటార్‌సైకిళ్ళ మెకానిక్కు. ఈ నలుగురూ కలిసి, మెకానిక్కు గ్యారేజీ వెనకున్న రేకుల షెడ్డులో సొంతంగా ఒక విమానం కడుతున్నారు. రెండు సీట్లది. ఒళ్ళు ప్లైవుడ్డు, రెక్కలు కర్ర బద్దల మీద బిగించిన గుడ్డ. ఫ్యాక్టరీలో పుట్టని ఇలాంటి విమానాన్ని ప్రయోగాత్మకం అంటారట. "ప్రయోగం విమానం మీదా, మీ మీదా?" అని అడిగింది డబుల్‌కోటు భార్య.

ఆవిడ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని చొక్కాలూ గౌన్లూ కుట్టేది. టేపు మెళ్ళోనూ, మాట నాలిక చివరా ఉండేవి. ఆదివారం ఆదివారం షెడ్డులో చేరే ఈ నలుగురికీ 'గాలిబ్యాచి' అని పేరు పెట్టింది ఆవిడే. రెక్కలకు గుడ్డ తొడగాల్సి వచ్చేసరికి మాత్రం గాలిబ్యాచి మొత్తం ఆవిడ గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడింది. ఆవిడ కొలతలు తీసుకుంది, కత్తిరించింది, కుట్టింది. ఎక్కడా ముడత లేదు. "ఇంత పెద్ద దిండు గలీబు నా జన్మలో కుట్టలేదు. దీని మీద తలపెట్టుకుని ఎవరు పడుకుంటారో ఏమో" అని దారం కొరికేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏదో ఒక వంకన ఆదివారాలు షెడ్డుకు వస్తూనే ఉంది. తమ్ముణ్ణి చూసిపోదామనే అని అందరూ అనుకున్నారు.

రంగు పని డబుల్‌కోటుది. కూలీ తీసుకోనన్నాడు. అందుకు డాక్టరు ఒక మాట ఇచ్చాడు.

"నేనొక్కణ్ణే కొన్నాళ్ళు ఎగిరి పరీక్షించాలి, అది రూలు. అది కాగానే పక్క సీట్లో ఎక్కే మొదటి మనిషివి నువ్వే."

ఇక చూస్కోండి. ఆ రోజు నుంచి డబుల్‌కోటు కాళ్ళు నేల మీద లేవు. బంపరు సొట్ట తీయించుకోవడానికి వచ్చినవాడికి చెప్పాడు, అద్దం పగిలినవాడికి చెప్పాడు, దారి అడగడానికి ఆగినవాడికి కూడా చెప్పాడు. "త్వరలో నేను పైనుంచి వెళ్తుంటా, చెయ్యూపుతా, చూసుకోండి" అనేవాడు. ఎండలో నిలబడి ఆ ఊపడం ఎలా ఉంటుందో కూడా చేసి చూపించేవాడు.

రంగు ఏదన్న తగువు రెక్కలకు గుడ్డ తొడగక ముందే మొదలైంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అలాగ. మాస్టారు పసుపు కావాలన్నాడు. ఎందుకయ్యా అంటే, పడిపోతే వెతకడానికి వీలుగా ఉంటుందట. మెకానిక్కు తన మొదటి మోటార్‌సైకిలు ఎరుపు కావాలన్నాడు. డబుల్‌కోటుకు ముదురు నీలం మీద మనసు. డాక్టరుది తెలుపు. ఏ తెలుపు అని అడిగితే, పళ్ళు కట్టేటప్పుడు సరిచూసుకునే పింగాణీ పళ్ళ పట్టీ ఒకటి సంచీలోంచి తీసి, విమానం ముక్కుకు ఆనించి పెట్టాడు.

"ఇదిగో, ఈ ఏ-టూ నంబరు తెలుపు. ఆరోగ్యమైన పన్ను ఇలాగే ఉంటుంది."

"పాచి పట్టిన పన్నా డాక్టరుగారూ?" అన్నాడు డబుల్‌కోటు.

"నీ నోరు ఒకసారి తెరువు, పోల్చి చూద్దాం."

ఆ రోజు నుంచి డాక్టరుకు ఏ-టూ అనే పేరు స్థిరపడింది. నెల తిరిగేసరికి ఆ నలుగురూ రంగులను రంగుల పేర్లతో పిలవడమే మానేశారు. అంతా డబ్బా మీద ఉండే నంబర్లే. "నాకు రెండువందల పద్దెనిమిది వద్దు, మూడువందల నలభై అయితే సరే" అని ఒకరు, "మూడువందల నలభై మధ్యాహ్నం ఎండలో చూడలేం" అని ఇంకొకరు. డబుల్‌కోటు భార్య కాసేపు విని, "ఏవండీ, మీరంతా బస్సు కోసం నిలబడ్డారా ఏమిటి?" అంది.

చివరికి మాస్టారి గోల పడలేక పసుపు వేశాడు. డబుల్‌కోటు పసుపు అంటే తెలుసుగా, రెండు కోట్లు. ఎండలోకి లాగి చూస్తే డాక్టరు ముఖం చిట్లించాడు. "కామెర్లు వచ్చినట్టుంది" అన్నాడు. సరేనని దాని మీదే తెలుపు వేశాడు. పాతది గీకి వెయ్యొచ్చు కదా అంటే, "కింద అంత చక్కని నున్నటి రంగుండగా ఎందుకు గీకడం? దాని మీద పడితే ఇంకా మెరుస్తుంది" అన్నాడు. మెరిసింది కూడా.

ఆ పైన అసలు కథ. ఇలాంటి విమానం పక్కన, అది ప్రయోగాత్మకమని ఇంగ్లీషులో ఇంతింత అక్షరాలతో రాసి తీరాలని రూలు ఉంది. ఎక్కేవాడు తెలిసి ఎక్కాలి గదా. డబుల్‌కోటు జీవితంలో రాసిన ఇంగ్లీషంతా లారీల వెనక హారన్ కొట్టమని చెప్పేదే. అయినా అడగడానికి నామోషీ పడి, నాలిక బయటపెట్టి, ఒక పూటంతా కూర్చుని రాశాడు. మాస్టారు వచ్చి కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు.

"ఎక్స్‌పర్ట్... మెంటల్."

షెడ్డు రేకులు లేచిపోయేలా నవ్వారు. "ఉంచెయ్ బావా, చెరపకు. ఎక్కేవాడికి అంతకంటే నిజం ఎవరూ చెప్పరు" అన్నాడు మెకానిక్కు. డాక్టరు అయితే కన్నీళ్ళు తుడుచుకుంటూ, తన క్లినిక్కు బోర్డు కూడా నువ్వే రాయాలి అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది డబుల్‌కోటే. నవ్వకపోతే ఏడవాలి గనక నవ్వాడు.

దాన్ని దిద్దడానికి 'ఐ'కి బదులు పడ్డ ఆ 'టీ' మీద కాస్త తెలుపు పూస్తే పోయేది. కానీ అతుకు కనపడదూ? ఆ పక్క పక్కంతా మళ్ళీ వేశాడు. ఈ పక్క కొత్తగా మెరుస్తుంటే ఆ పక్క వెలవెలబోయింది. అదీ వేశాడు. రెండోసారి అక్షరాల మధ్య ఎడం ఎక్కువై చివరి అక్షరానికి చోటు చాల్లేదు. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయింది. మూడోసారి మాస్టారు వెనక నిలబడి ఒక్కొక్క అక్షరమే డిక్టేషను చెప్పాడు. ఇన్ని కోట్లు పడ్డాక డబుల్‌కోటుకు మొహమాటం పోయింది. అక్షరాల చుట్టూ వదిలేసి, తను మొదట్నుంచీ అడుగుతున్న ముదురు నీలం పైనంతా కొట్టి, దాని మీద గాజులాంటి పాలిష్ కోటు రెండుసార్లు వేశాడు. విమానం మంచినీళ్ళ చెరువులా మెరిసింది. నలుగురూ దాని ముందు నిలబడి క్రాపులు దువ్వుకున్నారు. "మా బావది నాలుగు కోట్ల విమానమండీ" అని మెకానిక్కు అందరికీ చెప్పాడు. అది లెక్క తక్కువ చెప్పడమే.

మాస్టారు ఆ విమానంలో పడ్డ ప్రతి మేకునూ, ప్రతి బోల్టునూ, చివరికి డబుల్‌కోటు భార్య కుట్టిన దారాన్నీ తూకం వేశాకే బిగించనిచ్చాడు. రంగును మాత్రం వెయ్యలేదు. రంగుకు బరువేమిటి, అది రంగు కదా! అంత చదువుకున్నవాళ్ళలో ఒక్కడికీ ఆ ఆలోచన రాలేదు. రంగు డబ్బాలు భుజాన మోసుకొచ్చి నడుం పట్టేసిన డబుల్‌కోటుకు కూడా రాలేదు.

ఎగరడానికి ముందు మూడు చక్రాల కింద మూడు తూకాల బల్లలు పెట్టారు. మాస్టారు గోడ మీద సుద్దముక్కతో కూడాడు, తీశాడు, చెరిపాడు, మళ్ళీ కూడాడు.

"ఏమైంది?" అన్నాడు డాక్టరు.

"విమానం మోయగలిగింది ఇంత. అందులో విమానం సొంత బరువు తీసేశా, మీ బరువు తీసేశా, పెట్రోలు తీసేశా. పక్క సీటుకు మిగిలింది నలభై తొమ్మిది కిలోలు."

అందరూ డబుల్‌కోటు వైపు చూశారు. అతను తొంభై మూడు. పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు, దాంతో ఏదో తగ్గుతుందన్నట్టు.

"అంత బరువు ఎక్కణ్ణించి వచ్చింది మాస్టారూ?"

మాస్టారు వెళ్ళి విమానం ఒంటి మీద గోటితో టకటకా కొట్టాడు. పెంకులా మోగింది. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

"ఏం పర్లేదు బావా," అన్నాడు మెకానిక్కు, "ఈ ఆదివారం నడుం పైభాగం ఎక్కు, వచ్చే ఆదివారం కిందిభాగం ఎక్కు."

డబుల్‌కోటు కూడా నవ్వాడు. ఇంటికి వచ్చి స్నానాల గదిలో తలుపు వేసుకుని, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత. తన సీటును తన చేత్తోనే, బ్రష్షు బ్రష్షుగా, మెరుపు మెరుపుగా తనే తినేశాడు. పైగా తిన్నంతసేపూ ఆహా అనుకున్నాడు.

గీకేద్దామంటే వీల్లేదు. పరీక్షలు పూర్తయ్యేదాకా విమానం ఉన్నది ఉన్నట్టే ఉండాలని, దాన్ని తనిఖీ చేసి వెళ్ళిన సర్కారు ఆఫీసరు గట్టిగా చెప్పాడు. పరీక్షలయ్యాక వానాకాలం ముందు మిగిలేది ఒకే ఒక్క ఆదివారం. ఆ తర్వాత క్లబ్బు మైదానం బురదైపోతుంది, మళ్ళీ ఎండలొస్తేనే ఎగరడం. డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మాట మాటే. సీటు నీదే. ఆ ఆదివారం ఎక్కలేకపోతే నువ్వు గీకేదాకా ఖాళీగా ఉంచుతాం. నువ్వు చెబితే తప్ప ఇంకొకళ్ళు ఎక్కరు" అన్నాడు.

గీకడం కుదరదు గనక, తగ్గాల్సింది తనే అనుకున్నాడు డబుల్‌కోటు. టీలో చక్కెర మానేశాడు. రాత్రి భోజనం మానేశాడు. ఆ కసినంతా పగలు తీర్చుకున్నాడు. ఆదివారం ఆదివారం తూకం బల్ల ఎక్కితే సూది ముందుకే పోయింది. ఉపవాసాలు చేసి ఒళ్ళు చేసినవాడు లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు. "మీరు సగం కావాలండీ, తగ్గితే చాలదు" అన్నాడు మాస్టారు. "కడుపు మాడ్చుకుని పైకెళ్ళి ఏం చూస్తారు, చుక్కలా?" అంది భార్య. డాక్టరు మాత్రం వారం వారం ఒంటరిగా ఎగిరి, చక్కగా దిగి వస్తున్నాడు. పక్కన ఖాళీ సీటు.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ బయట టీ తాగుతుంటే, డబుల్‌కోటు టోపీ మరిచిపోయానని షెడ్డులోకి వెళ్ళబోయి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల భార్య ఒక్కతే ఉంది. మెళ్ళోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది. నడుం దగ్గర దోపుకున్న కత్తెర తీసి పెట్టింది. చెప్పులు విడిచింది. ఆగి, ఆలోచించి, జడలోంచి పిన్నులు కూడా ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, తూకం బల్ల ఎక్కి నిలబడింది. వంగి నంబరు చూసుకుంది. తర్వాత విమానం దగ్గరకు వెళ్ళి, ఆ ఖాళీ సీటు అంచు మీద చెయ్యి వేసి, అలా నిలబడిపోయింది.

ఊరికే బరువు చూసుకునే ఆడమనిషి తలపిన్నులు తియ్యదు.

డబుల్‌కోటు టోపీ తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాడు. మొదట అతనికి వచ్చింది ప్రేమ కాదు, దయ కాదు. ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు దిండు గలీబని వెక్కిరించి, గాలిబ్యాచి అని పేర్లు పెట్టి, ఇప్పుడు తన సీటు మీద కన్నేస్తుందా? చిన్నప్పట్నుంచీ ఆ మందు విమానం వెనక పరిగెత్తింది ఎవరు, ఆవిడా? నాలుగు రోజులు ముఖం మాడ్చుకు తిరిగాడు. కారణం అడిగితే ఆకలన్నాడు. అది మాత్రం నిజమే.

అయిదో రోజు ఒక కారు బానెట్టుకు పాలిష్ పడుతుంటే అందులో తన ముఖం కనపడింది. గడ్డివాము దగ్గర కాపలా కాసే కుక్క ముఖం అచ్చం ఇలాగే ఉంటుంది అనుకున్నాడు. తాను తినదు, తినేదాన్ని తిననివ్వదు. లోకంలో అందరికీ విమానం గురించి చెప్పాడు, దారినపోయేవాడికీ చెప్పాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, 'నీకూ ఎక్కాలనుందా' అని ఆవిణ్ణి అడిగిన పాపాన పోలేదు. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. గుడ్డ పెట్టి బానెట్టు మీద ముఖాన్ని గట్టిగా రుద్దాడు. ఇంకా బాగా కనపడింది.

ఆఖరి ఆదివారం ముందు రోజు షెడ్డులో అందరూ ఉండగా గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరుగారూ, రేపు నా సీట్లో మా ఆవిణ్ణి ఎక్కించుకోండి. పైనుంచి చూస్తే రెక్క మీద మెరుపు ఎలా ఉందో నాకు తెలియాలి. మీకెవరికీ రంగులు తెలిసి చావవు. మీరైతే అన్నిటికీ ఏ-టూ అంటారు."

డాక్టరు అతని ముఖం చూసి సరేనని తలూపాడు.

"నేనా? నేనెందుకండీ? నాకు భయం బాబూ!" అంది భార్య ఒక్క గుక్కలో. అని, కాస్త ఆగి, "నేను నలభై ఎనిమిదిన్నరే ఉంటాననుకోండి... పడతానా?" అంది.

అందరూ అటు తిరిగారు. మెకానిక్కు "అక్కా, అర కిలోతో సహా!" అని నవ్వబోతే డబుల్‌కోటు వాడి కాలు తొక్కాడు.

ఆదివారం ఉదయం ఆవిడ టేపు, కత్తెర, పిన్నులు, చెప్పులు అన్నీ అతని చేతిలో పెట్టి ఎక్కింది. పట్టీలు అతనే బిగించాడు. లాగి చూసి, ఇంకోసారి బిగించాడు. విమానం మైదానం మీద ఎగుడుదిగుడుగా పరిగెత్తి, నేల వదిలింది. అక్కడ తను ఉండాల్సింది. తొంభై మూడు కిలోలు దాటిన మనిషికీ ఆ క్షణాన పసివాడికి వచ్చినంత ఏడుపు వచ్చింది. లోపల ఉన్నది ఎవరో కాదు గనక భయం కూడా వేసింది. రెండూ కలిసి, ఒక చేత్తో చెప్పులు పట్టుకుని, రెండో చేత్తో గబగబా ఊపడం మొదలుపెట్టాడు.

విమానం పైకి వెళ్ళి, తిరిగి, తల మీదుగా వచ్చింది. వెనకంతా తెల్లటి ఆకాశం. మెకానిక్కు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అవును గానీ బావా, ఇంతకీ నువ్వు వేసింది ఏం రంగు?" అన్నాడు.

పైన నల్లటి గీత ఒకటి వెళ్తోంది. అంతే. నీలమూ లేదు, మెరుపూ లేదు. మాస్టారు డిక్టేషను చెప్పిన అక్షరాల్లో ఒక్కటీ కనపడలేదు. రెండువందల పద్దెనిమిదీ లేదు, మూడువందల నలభైయీ లేదు. చిన్నప్పట్నుంచీ తను చూసిన ప్రతి విమానమూ కింద నుంచి ఇలాగే కనపడిందని డబుల్‌కోటుకు అప్పుడు తట్టింది. నేల మీద నలుగురు క్రాపులు దువ్వుకోవడానికి తన సీటు ఖర్చయింది. అతనికి నవ్వు ఆగలేదు. మాస్టారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

విమానం దిగి ఆగింది. ఆవిడ దిగింది. పిన్నుల్లేని జుట్టంతా రేగిపోయి ముఖం మీద పడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. విమానం ఒంటి మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నిమిరింది. కనీసం ఈవిడైనా మెరుపును గుర్తించిందని డబుల్‌కోటు పొంగిపోయాడు.

"పైనుంచి బాగా కనపడిందా?" అన్నాడు.

"ఏమిటి?"

"అదే, రంగు."

"రంగా? నేను చూడలేదండీ" అంది.

"సర్లే. వానలు పడ్డాక ఎటూ గీకేస్తాగా. ఎండాకాలానికి పలచగా ఒక్క కోటే వేస్తా. అప్పుడు నేనూ..."

ఆవిడ చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"గీకకండి."

"అదేమిటే?"

"గీకకండి. అలాగని ఇంకో కోటు కూడా వెయ్యకండి. సరిగ్గా నా కొలతకు కుదిరింది."

ఆవిడ సరదాకు అనలేదని చూస్తేనే తెలుస్తోంది. డబుల్‌కోటు వంగి ఆవిడ ముందు చెప్పులు పెట్టాడు.

స్కూటరు మీద ఇంటికి వెళ్తూ, "ఎలా ఉంటుందే పైన?" అని అడిగాడు. ఆవిడ మొదలుపెట్టింది. నేల ఎలా వదులుతుందో, కడుపులో ఏమవుతుందో, చెట్లు ఎంతెంత అవుతాయో, గాలి ఎలా కొడుతుందో. వీధి మలుపు దగ్గర అతను స్కూటరు ఇంటివైపు తిప్పలేదు. ఇంకాస్త దూరం పోనిచ్చాడు, ఆవిడ ఇంకా చెబుతోందని.